పేషెంట్ తాలూకు ఎవరమ్మా?

(గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థులకు, వార్డు నర్సులకు ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం. చివర్లో వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇందులో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. ఇంత అలసటలోనూ వచ్చినందుకు సంతోషం.

మన వార్డుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వినిపించే కేక ఒకటుంది. "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" రక్తం తేవాలన్నా, సంతకం పెట్టాలన్నా, స్కానింగ్‌కి స్ట్రెచర్ తొయ్యాలన్నా అదే కేక. తాలూకు మనిషి పరుగున వస్తుంది, చెప్పిన పని చేస్తుంది, మళ్లీ వరండాలో పరుచుకున్న చాప మీదికి పోతుంది. పనికి పిలిచినంత తేలిగ్గా ఆమెను మాటకు పిలవం. "ఇంటికెళ్లాక ఎలా చూసుకోబోతున్నారమ్మా?" అని కూర్చోబెట్టి అడగం. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లు నెల తిరక్కుండా మళ్లీ అదే మంచం మీదికి ఎందుకొస్తున్నారో వెతికితే, చాలాసార్లు ఈ లోటు దగ్గరే తేలుతుంది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒకటే. ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం తీరిక ఉంటే చేసే మంచిపని కాదు. ఇంజెక్షన్ ఇవ్వడం, బీపీ చూడటం ఎలా మన డ్యూటీయో ఇదీ అలాంటి డ్యూటీయే. ఆ మాటలు జరగందే డిశ్చార్జ్ పూర్తయినట్టు కాదు.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదని మీకు తెలుసు. ఇంటివాళ్లకు తెలియదు. ఆ మాట చెవిన పడగానే కొందరు ఏడుపు మొదలుపెడతారు. ఇంకొందరు, నాలుగు రోజులకు ఆయాసం తగ్గి పేషెంట్ లేచి కూర్చోగానే జబ్బు నయమైపోయిందనుకుంటారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కానీ ఒంటికి కావాల్సినంత రక్తం తోయలేకపోతుంది, లేదా బిరుసెక్కి సరిగ్గా నిండలేకపోతుంది. నీరు ఊపిరితిత్తుల్లో, కాళ్లల్లో, పొట్టలో చేరుతుంది. మనం ఇంజెక్షన్లతో ఆ నీరు దించి ఇంటికి పంపిస్తాం. నీరు దిగింది గానీ జబ్బు అక్కడే ఉంది. బీపీ, షుగర్ లాగే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బు ఇది.

ఎకో, అంటే గుండె స్కానింగ్ రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. అందులో "ఈఎఫ్ 30 శాతం" అని ఉంటుంది. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం తోస్తుందో చెప్పే అంకె. చదువుకున్న కొడుకు దాన్ని ఫోన్‌లో వెతికి, నాన్న గుండె 70 శాతం పోయిందనుకుని, అమ్మకు చెప్పకుండా మెట్ల దగ్గరికెళ్లి ఏడుస్తాడు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఒక్కో దెబ్బకు తనలోని రక్తాన్నంతా తోసెయ్యదు. మామూలుగా 55 నుంచి 70 శాతం దాకా తోస్తుంది. 40 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే పంపింగ్ తగ్గిందంటాం. 50 పైన ఉండి కూడా ఆయాసపడేవాళ్లున్నారు, ముఖ్యంగా బీపీ, షుగర్, ఊబకాయం ఉన్న పెద్దవయసు ఆడవాళ్లు. మందులు సరిగ్గా వాడితే ఆ అంకె పెరిగేవాళ్లూ ఉన్నారు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరక్క ఆ అబ్బాయి ఏడాదంతా ఆ అంకెను మోస్తూ తిరుగుతాడు.

తిరువనంతపురంలో 2013లో ఆసుపత్రుల్లో చేరిన 1205 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్ని నమోదు చేసి, తర్వాత ఏమయ్యారో వెంబడి చూశారు. సగటు వయసు 61. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ల కన్నా మనవాళ్లు దాదాపు పదేళ్లు చిన్నవాళ్లు. అంటే ఇంకా సంపాదిస్తున్నవాళ్లు, పిల్ల పెళ్లి చేయాల్సినవాళ్లు, కౌలు చేస్తున్నవాళ్లు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో మూడోవంతుకు కాస్త అటూ ఇటుగా చనిపోయారు. ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ఆ ఏడాది ఎక్కడ గడుస్తుందో ఆలోచించండి. ఆసుపత్రిలో ఓ వారం, మిగతాదంతా ఇంట్లో.

నర్సు గట్టిగా పూనుకుంటే ఏమవుతుందనేదానికి పాత రుజువే ఉంది. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డెబ్బై ఏళ్లు, ఆ పైబడిన 282 మంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి నర్సు ముందుండి జబ్బు గురించి పేషెంట్‌కి, ఇంటివాళ్లకి నేర్పించడం, తిండి, మందులు సరిచూడటం, ఇంటికెళ్లాక ఫోన్ చేయడం, వెళ్లి చూసి రావడం. 90 రోజుల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరడం ఈ రెండో గుంపులో సగానికి పైగా తగ్గింది. కొత్త మెషీన్ ఏదీ పెట్టలేదు, కొత్త మందేదీ ఇవ్వలేదు.

"మాకు టైమెక్కడుంది మేడమ్?" అని మీ మొహాల్లో కనిపిస్తోంది. కెనడాలో కాల్గరీకి చెందిన లొరైన్ రైట్, మౌరీన్ లీహీ అనే ఇద్దరు నర్సింగ్ నిపుణులు కుటుంబాలతో ఎలా మాట్లాడాలన్న దాని మీదే దశాబ్దాలు పనిచేశారు. తీరిక లేని నర్సుకు 15 నిమిషాలున్నా కుటుంబంతో పనికొచ్చేలా మాట్లాడవచ్చని 1999లో వాళ్లు రాసి చూపించారు. వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చినవి మూడు. ఇంట్లో ఎవరెవరున్నారో కాగితం మీద గీసుకోవడం. "మీకు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు దొరుకుతుందంటే ఏం అడుగుతారు?" అని అడగడం. వాళ్లు అప్పటికే చేస్తున్న మంచిపనిని గుర్తించి నోరారా చెప్పడం. మన ఊళ్లో ఇది ఎలా నడుస్తుందో ఒక ఇంటి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

ఆ పెద్దాయన మన మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసిన మనిషి. గుండెపోటు వచ్చాక బరువు పని మానేశాడు. ఏడాదిలో మూడోసారి ఆయాసంతో చేరాడు. కేస్ షీట్‌లో "మందులు సరిగ్గా వాడటం లేదు" అని ఉంది, అంతే. డిశ్చార్జ్ ముందు రోజు సాయంత్రం భార్యని, ఆటో నడిపే కొడుకుని, కోడల్ని పిలిచి కుర్చీలు వేయించాను. ఆరో తరగతి చదివే మనవరాలు స్కూల్ యూనిఫాంలోనే వచ్చి తాత మంచం మీద కూర్చుంది. కూతురు హైదరాబాద్‌లో ఉంటుందంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టించాను. కాగితం మీద ఎవరెక్కడుంటారో గీశాను. వంట ఎవరిది, మందులు కొనేదెవరు, రాత్రి పక్కన పడుకునేదెవరు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇవి అడిగాను.

"మందులు ఎవరిస్తారమ్మా?" అంటే అందరూ భార్య వైపు చూశారు. "డబ్బాలో పోసి పెడతా సిస్టరమ్మా, ఆయనే ఏసుకుంటాడు" అంది. పెద్దాయన తల ఊపాడు. మనవరాలు మాత్రం, "తాత బయటికెళ్లే రోజు నీరు పోయే బిళ్ల ఏసుకోడు, జేబులో పెట్టుకుంటాడు" అంది. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయనకు కోపం వచ్చిందేమో అనుకున్నాను, కానీ కాదు. యార్డు దగ్గర టీ కొట్లో పాత స్నేహితులతో రోజూ కాసేపు కూర్చోవడం ఆయనకు ప్రాణం. బిళ్ల వేసుకుంటే అరగంటకోసారి లేవాలి, అక్కడ దానికి తగ్గ చోటు లేదు. నలుగురిలో పరువు పోతుందని మానేశాడు. ఇందులో నిర్లక్ష్యం ఏముంది చెప్పండి? డాక్టర్ గారిని అడిగితే, ఇంటికి తిరిగొచ్చాక మధ్యాహ్నం వేసుకోమన్నారు. సాయంత్రం నాలుగు దాటకుండా వేసుకుంటే రాత్రి నిద్ర కూడా చెడదు. మూడుసార్లు అడ్మిషన్ అయిన సమస్య అంతవరకు వచ్చి ఆగింది. టీ కొట్టు గురించి కేస్ షీట్‌లో ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

తర్వాత ఆ ఒక్క ప్రశ్న అడిగాను. కొడుకు ఆపరేషన్ ఏమన్నా ఉందా అన్నాడు. కోడలు వంట గురించి అడిగింది. భార్య చాలాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, "రాత్రుళ్లు ఆయనకు ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తా ఉంటానమ్మా. ఇట్టా ఎన్నాళ్లు చూడాల?" అంది. ఆ మాట కొడుక్కీ కోడలికీ అప్పుడే తెలిసింది. ఆమె బీపీ చూస్తే 170 మీద 100. తన బీపీ బిళ్లలు ఆమె మానేసి నెలలైంది. ఆయన మందులకే డబ్బు చాలట్లేదని ఇంట్లో చెప్పకుండా మానేసింది.

ఆ 15 నిమిషాల్లో ఇంటి పని పంచుకున్నారు. పంచింది నేను కాదు, వాళ్లే. మందులు అయిపోకముందే తెచ్చే బాధ్యత కొడుకుది. పొద్దున్నే తాత బరువు చూసి, గోడకున్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసే పని మనవరాలిది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి బరువెంత, కాళ్లెలా ఉన్నాయి, ఎన్ని దిళ్లతో పడుకున్నారు అని అడిగేది కూతురు. వారంలో రెండు రాత్రులు కొడుకు తండ్రి పక్కన పడుకుంటాడు, ఆ రెండు రాత్రులు ఆమె వేరే గదిలో నిద్రపోవాలి. "మీరు ఇన్ని నెలలు ఆయన ఊపిరి మీద ఓ కన్నేసి ఉంచారు, దాని వల్లే ఈసారి ముందుగా తీసుకురాగలిగారు" అని ఆమెతో అందరి ముందూ అన్నాను. నిజంగానే అంతే. కుటుంబాల్లో ఆడవాళ్లు చేసే ఈ పని ఎవరి లెక్కలోకీ రాదు, కాబట్టి మనమన్నా పైకి చెప్పాలి.

బరువు ఎందుకు అంత ముఖ్యమో మీకు తెలుసు, కానీ ఇంటివాళ్లకు కారణంతో సహా చెప్పండి. కాలి వాపు కనపడక ముందే, ఆయాసం రాకముందే నీరు చేరడం మొదలవుతుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టలతో, ఒకే మెషీన్ మీద చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది అన్నం వల్ల పెరిగిన బరువు కాదు, నీరు. ఆ రోజే ఫోన్ చేయాలి. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కితే గుంట పడుతోందా అన్నది చేయించి చూపించండి, నోటితో చెబితే గుర్తుండదు. రాత్రి పడుకున్నాక దగ్గు, కిందటి వారం ఒక దిండు చాలినవాళ్లకు ఇప్పుడు మూడు కావాల్సి రావడం, చెప్పులు బిగుతవ్వడం, ఇవన్నీ ఇంటివాళ్లే ముందు చూస్తారు. కూర్చుని ఉన్నా ఊపిరాడకపోతే, గుండెనొప్పి వస్తే, స్పృహ తప్పితే, నురుగుతో కూడిన గులాబీ రంగు కళ్లె పడితే మాత్రం ఫోన్లూ సలహాలూ వద్దు, 108కి కాల్ చేయమనండి.

ఉప్పు దగ్గరికి వద్దాం. గుంటూరు జిల్లాలో ఉప్పు గురించి మాట్లాడటం తేలిక కాదు. చాలామంది వచ్చి, "కారం పూర్తిగా మానేశామండీ" అని గర్వంగా చెబుతారు. గుండె జబ్బనగానే మనవాళ్లు మిరపకాయను అనుమానిస్తారు. నీరు పట్టేది ఉప్పు వల్ల. మిరపకాయ దోషం కాదు. ఆవకాయ, ఊరబెట్టిన గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు, ఇడ్లీలోకి నంజుకునే కారప్పొడి, వీటన్నిటిలో ఉన్నది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనుషులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అది సుమారు ఒక టీ స్పూను. మన ఇళ్లల్లో అన్నంలో కలిపే ఉప్పు, పెరుగులో వేసే ఉప్పు కలిపి అది ఎంతకు చేరుతుందో మీ ఇంట్లోనే చూసుకోండి.

అలాగని ఉడకబెట్టిన చప్పిడి కూడు పెట్టమని చెప్పి పంపకండి. 2022లో 806 మంది మీద జరిగిన పెద్ద పరిశోధనలో, ఉప్పులో ఉండే సోడియంను బాగా కట్టడి చేసినవాళ్లకు, మామూలు జాగ్రత్త తీసుకున్నవాళ్లకు మధ్య చావులు, ఆసుపత్రి చేరికల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అన్నం సయించక పేషెంట్ చిక్కిపోతే అది ఇంకో ప్రమాదం. ఇంటిల్లిపాదికీ ఒకటే కూర, ఉప్పు తక్కువగా, నిమ్మకాయ, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర ధారాళంగా వేసి వండమనండి. కావాల్సినవాళ్లు కంచంలో ఉప్పు కలుపుకుంటారు. పెద్దాయన ఒక్కడికీ విడిగా గిన్నె పెడితే ఆయన ఆ గిన్నెను చూసి రోజూ రెండుసార్లు తన జబ్బును గుర్తు చేసుకుంటాడు. ఇంకో మాట, బజార్లో సోడియం తక్కువ ఉప్పని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ లాంటి, ఒంట్లో పొటాషియం నిలబెట్టే గుండె మందులు వాడేవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది ఒంట్లో పేరుకుపోయి గుండె లయ తప్పిస్తుంది. డాక్టర్‌ని అడగకుండా కొనొద్దని చెప్పండి. కొబ్బరినీళ్లల్లోనూ పొటాషియం ఎక్కువే, రోజూ తాగించేవాళ్లకూ ఇదే మాట.

మందుల సంగతి క్లుప్తంగా. పంపింగ్ తగ్గినవాళ్లకు ఆయుష్షు పెంచే మందులు ఇప్పుడు నాలుగు రకాలున్నాయి. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ గానీ ఆ కోవలోవి గానీ, మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్, ఆ తర్వాత షుగర్ మందుగా మొదలైన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఇవి వేసుకున్న గంటకు ఏమీ తెలియదు. ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ అయితే నీరు పోయి హాయిగా ఉంటుంది. అందుకే డబ్బు కరువైనప్పుడు మనవాళ్లు "పనిచేసే" నీటి బిళ్ల ఉంచుకుని, "పనిచేయని" మిగతావి మానేస్తారు. షుగర్ లేని మనిషికి డాపాగ్లిఫ్లోజిన్ రాస్తే, "ఇది షుగర్ బిళ్ల, మీకెందుకు?" అని పక్కింటివాళ్లు అన్నారని ఆపేసినవాళ్లు ఎంతమందో. ఏ బిళ్ల ఎందుకో తెలుగులో చీటీ మీద రాసివ్వండి. జెనరిక్ మందులు, జన ఔషధి షాపుల గురించి చెప్పండి. డబ్బు లేదని మాట వస్తే దాన్ని సిగ్గుపడే విషయం కాకుండా మామూలు విషయంలా మాట్లాడండి.

మోకాళ్ల నొప్పుల బిళ్లలు. దీని మీద నాకు చాలా బాధ ఉంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఏసిక్లోఫినాక్, ఈ రకం మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. నెల రోజులు కష్టపడి నిలబెట్టిన మనిషిని మూడు రోజుల నొప్పి బిళ్లలు మళ్లీ ఎమర్జెన్సీకి తెస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవడం మనవాళ్లకు మంచినీళ్లు తాగినంత మామూలు. "ఏ మందైనా కొనేముందు గుండె మందుల చీటీ చూపించండి" అని ఇంట్లో షాపుకెళ్లే మనిషికి చెప్పాలి. షాపుకెళ్లేది ఎవరో తెలియాలంటే మళ్లీ ఆ కాగితం గీయాల్సిందే.

ఎండాకాలం వచ్చిందంటే గుంటూరు, విజయవాడల్లో నీటి బిళ్లలు వాడేవాళ్లకు కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం ఎక్కువవుతాయి. నీళ్లు ఎంత తాగాలి, బిళ్ల తగ్గించాలా అన్నది డాక్టర్ చెప్పాలి, కానీ మార్చి నెలలోనే అడిగించే పని మనది. శివరాత్రి ఉపవాసం, రంజాన్ రోజా ఉండాలనుకునేవాళ్లు ముందే చెప్పేలా చనువివ్వండి. కసిరితే చెప్పకుండా చేస్తారు.

ఇప్పటిదాకా మగ పేషెంట్ గురించే చెప్పాను. పేషెంట్ ఆడమనిషైతే కథ మారిపోతుంది. ఆమె కాళ్లు వాచినా పొయ్యి దగ్గరే నిలబడుతుంది. ఆమెకు మందులు అందించేదెవరు అని అడిగితే ఇంట్లో జవాబుండదు.

అన్నిటికన్నా కష్టమైనది బాలింతల సంగతి. కాన్పుకు ముందు చివరి నెలలో గానీ, కాన్పయ్యాక ఐదు నెలల లోపు గానీ కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది. దీన్ని పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటాం. ఆయాసం, కాళ్ల వాపు బాలింతకు మామూలే అని ఇంట్లో కొట్టిపారేస్తారు. చివరికి ఊపిరాడక తీసుకొస్తారు. అప్పుడు అత్తగారు, "పిల్ల పుట్టిన వేళ బాగాలేదు" అంటుంది. ఆ మాట ఆ తల్లి మంచం మీద పడుకుని వింటుంది. అక్కడ మీరు మౌనంగా ఉండకండి. బిడ్డ వల్ల కాదు, తల్లి చేసిన పొరపాటు వల్లా కాదు, ఇది జబ్బు, చాలామంది కోలుకుంటారు అని అత్తగారికి, తల్లికి, భర్తకి కలిపి చెప్పండి. మళ్లీ గర్భం విషయం తప్పకుండా ఎత్తండి. పంపింగ్ కోలుకోకుండా మళ్లీ గర్భం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. వాడుతున్న మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. మగపిల్లాడు కావాలని ఇంట్లో పట్టుంటే ఆ అమ్మాయి ఒక్కదానికి చెప్పి ఏం లాభం? భర్తను కూర్చోబెట్టి చెప్పాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మగవాళ్లూ చేయించుకోవచ్చని కూడా చెప్పాలి.

భార్యాభర్తలు అడగలేక మింగేసే ప్రశ్న ఇంకోటుంది, కలిసి ఉండొచ్చా అని. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే, జబ్బు నిలకడగా ఉంటే సాధారణంగా భయం లేదు, డాక్టర్‌తో ఒక మాట అనుకోండి అని మనమే చెప్పేయాలి. ఇద్దరికీ విడివిడిగా చెప్పినా సరే.

మీలో కొందరు రేపు పల్లెల్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లకు వెళ్తారు. అక్కడ మీకు మాకన్నా పెద్ద అవకాశం ఉంది. మేం కాగితం మీద గీసే ఇల్లు మీకు కళ్లెదురుగా ఉంటుంది. బరువు రాసిన క్యాలెండర్ గోడ మీదే కనిపిస్తుంది. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఈ బరువు లెక్క, కాలి మీద గుంట చూడటం నేర్పించండి. టౌన్‌లో డిశ్చార్జ్ చేసిన నర్సు పేరు, ఫోన్ నంబర్ అడిగి పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, నలభై మంచాలకు ఇద్దరం ఉంటాం. 15 నిమిషాలు కూడా దొరకవు. ఏం చేయాలి?

నిజమే, సిబ్బంది చాలరు. ఆ మాట పై అధికారులతో నేను అంటూనే ఉంటాను, మీరూ అనండి. అయితే అందరితో ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఆర్నెల్లలో రెండోసారి ఆయాసంతో చేరిన మనిషి ఎవరో చూడండి, వాళ్ల ఇంటితో మొదలుపెట్టండి. ఆ 15 నిమిషాలు ఒకేసారి కానక్కర్లేదు. మందులిచ్చేటప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారో అడగండి, మర్నాడు ఆ ఒక్క ప్రశ్న అడగండి. డిశ్చార్జ్ రోజు సాయంత్రం నాలుగింటి గందరగోళంలో మాత్రం పెట్టుకోకండి. అప్పుడు వాళ్ల ధ్యాసంతా సంతకాల మీద, ఆటో మీద ఉంటుంది. మీరు ఏం చెప్పినా "సరే సిస్టర్" అంటారు. విన్నదాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకుంటే గానీ ఏం అర్థమైందో మనకు తెలియదు. వాళ్లలో ఎవరు బరువు చూస్తారు, ఎంత పెరిగితే ఎవరికి ఫోన్ చేస్తారు, ఈ రెండూ తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.

ప్రశ్న: ఎన్నాళ్లు బతుకుతారని అడిగితే ఏం చెప్పాలి?

కష్టమైన ప్రశ్న. అంకె చెప్పకండి. "అంతా దేవుడి దయ" అని తప్పించుకోకండి కూడా. "మీరు ఏం ఆలోచిస్తూ ఇది అడుగుతున్నారు?" అని నెమ్మదిగా అడగండి. చాలాసార్లు దాని వెనక ఇంకేదో ఉంటుంది. కూతురి పెళ్లి ముందుకు జరపాలా, పొలం రాయించుకోవాలా, అన్నయ్యను దుబాయ్ నుంచి రమ్మనాలా అని.

ఒక కౌలు రైతు కొడుకు వరండాలోకి పిలిచి, "నాన్నకు చెప్పకండి సిస్టర్" అన్నాడు. ఆ తండ్రి అంతకుముందే నాతో, "పిల్లలకు చెప్పొద్దమ్మా, తట్టుకోలేరు" అన్నాడు. ఇద్దరికీ తెలుసు, ఒకరి నుంచి ఒకరు దాస్తున్నారు. ఇద్దరి అనుమతీ అడిగి, డాక్టర్ గారిని కూర్చోబెట్టి మాట్లాడించాం. మందులతో కొందరు చాలా ఏళ్లు బాగుంటారని, కొందరికి అన్నీ చేసినా దిగజారుతుందని, ఈయన గుండె రెండో దారిలో ఉన్నట్టు కనిపిస్తోందని డాక్టర్ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. తండ్రి ఏడవలేదు. మిర్చి పంటకు ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో, ఎవరికి నోటు రాసిచ్చాడో, ఎవరికి నోటిమాట మీద ఇవ్వాలో వరసగా చెప్పాడు. కొడుకు ఫోన్‌లో రాసుకున్నాడు. అన్నాళ్లూ ఆ మనిషికి నిద్ర పట్టనివ్వనిది ఆ అప్పుల లెక్క. ఆఖరికి మరీ కష్టమైతే వెంటిలేటర్ వద్దు, ఇంటి దగ్గరే ఉంచండి అని కూడా ఆ రోజే చెప్పాడు.

ఇలాంటి మాటలు మనిషి కాస్త బాగున్నప్పుడే జరగాలి, ఐసీయూ తలుపు దగ్గర కాదు. పేషెంట్ ఏం కోరుకున్నాడో, ఎవరి ముందు చెప్పాడో, డాక్టర్ ఏమన్నారో తేదీ వేసి కేస్ షీట్‌లో రాయండి. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో నైట్ డ్యూటీ సిస్టర్‌కి నోటితో కూడా చెప్పండి, ఎందుకంటే ఆయాసం ఎక్కువయ్యేది రాత్రుళ్లే, అప్పుడు ఆ కుటుంబం ఎదురుగా నిలబడేది ఆ అమ్మాయే.